ఆకస్మిక వికాసం – అవ్యక్త సన్నాహం

తెలుగు సాహిత్యచరిత్ర రచనలో రెండు మాటలు తరచు జంటగా వినవస్తూ ఉంటవి. ఒకటి క్షీణయుగం, రెండవది నవోదయం. మొదటిదానిలో చెప్పదగినదేమీ లేదనీ, రెండవదానిలో సమస్తమూ ఒక్కమారుగా పుట్టుకొచ్చిందనీ పాఠ్యగ్రంథాలు చెపుతవి, పరీక్షాపత్రాలు అడుగుతవి, విద్యార్థులు కంఠస్థం చేసి వ్రాస్తారు. ఎండిన కొమ్మకు రాత్రికి రాత్రి పూలు పూచినట్లు ఒక భాషలో కవులు, ఒక దేశంలో శిల్పులు, ఒక సమాజంలో భావాలు ఆకస్మికంగా ఉదయించినవన్న అభిప్రాయం ఎంత మనోహరమో అంత ప్రమాదకరం. అందులో అద్భుతరసం ఉన్నది గనుక మనోహరం. పూవుకు ముందున్న కాలాన్ని అది శూన్యమని ప్రకటిస్తున్నది గనుక ప్రమాదకరం. శూన్యమని ఒకమారు పేరుపడిన చోట ఎవరూ వెదకరు. వెదకని చోట ఉన్న తాళపత్రం చెదలపాలవుతుంది, శాసనం గోడరాయి అవుతుంది, పాట పాడినవారితోనే పోతుంది.

ఆకస్మికత్వం వస్తువులో ఉన్నదా, చూచేవాని దృష్టిలో ఉన్నదా అన్నది ఇక్కడ విచారించవలసిన ప్రశ్న. ప్రశ్న కొత్తది కాదు. భారతీయ శాస్త్రకారులు దీనిని శబ్దార్థవిచారంలోను, కావ్యవిచారంలోను ఎదుర్కొన్నారు. ప్రాచ్యకళాశాలలలో నిత్యం బోధింపబడే గ్రంథాలలోనే దీనికి సమాధానం ఉన్నది. బోధించిన శాస్త్రాన్ని సాహిత్యచరిత్రకు అన్వయించకపోవడమే లోపం.

భర్తృహరి మతాన్ని ముందుగా స్మరించవలసి ఉన్నది. స్ఫోటమన్న పదానికి మూలమైన ధాతువునకు విచ్చుకొనుట, పగులుట, వికసించుట అన్నవి అర్థాలు. మొగ్గ పూవగుటకు, మాట అర్థమగుటకు సంస్కృతభాషలో ఒకే ధాతువు ఉపకరించినదన్న విషయం ఆలోచింపదగినది. వినేవానికి అర్థం ఒక్క క్షణంలో, అఖండంగా, కడపటి ధ్వని చెవిని సోకిన వెంటనే స్ఫురిస్తుంది. అయినా ఆ కడపటి ధ్వని తానొక్కతే అర్థాన్ని ఇయ్యజాలదు. అంతకుముందు వినబడి అణగిపోయిన ధ్వనులన్నీ బుద్ధిలో బీజాలు నాటిపోతవనీ, ఆవృత్తిచేత ఆ బుద్ధి పక్వమవుతుందనీ, అట్టి పక్వబుద్ధిలోనే కడపటి ధ్వనితోపాటు శబ్దస్వరూపం నిశ్చితమవుతుందనీ వాక్యపదీయంలోని బ్రహ్మకాండ బోధిస్తున్నది. ఇందులో రెండు సత్యాలున్నవి. స్ఫురణ నిజంగానే క్షణికం. దానిని కాదనడానికి వీలులేదు. పూర్వధ్వనులు నశించినవి గాని వ్యర్థం కాలేదు. దానిని మరువడానికీ వీలులేదు.

అలంకారశాస్త్రంలో ఇదే భావం మరొక రూపం పొందినది. 14వ శతాబ్ది చివరి భాగంలో రాచకొండను ఏలిన రేచర్ల పద్మనాయక ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరకర్తగా సంస్కృతజ్ఞులకు సుపరిచితుడు. ఆయన ఆశ్రయంలో విశ్వేశ్వరకవి చమత్కారచంద్రికను రచించినాడు. సహృదయుని హృదయంలో హఠాత్తుగా పొంగే ఆనందమే చమత్కారమని లోకంలో ప్రతీతి. అంతటి హఠాత్సంఘటనకు విశ్వేశ్వరుడు ఏడు కారణాలు పరిగణించినాడు: గుణం, రీతి, రసం, వృత్తి, పాకం, శయ్య, అలంకారం. వీటిలో పాకమన్న పదం ప్రత్యేకంగా గమనింపదగినది. పాకం అంటే పండడం. పండడానికి కాలం కావలెను. మెరుపువంటి ఆనందానికి నిదానంగా పండే గుణమొకటి కారణమని తెలంగాణ నేలమీద ఒక ఆలంకారికుడు ఆరు శతాబ్దాలకు పూర్వమే గుర్తించినాడు. మమ్మటుడు కావ్యహేతువును చెప్పినపుడు శక్తిని, నిపుణతను, అభ్యాసాన్ని మూడు వేర్వేరు హేతువులుగా కాక కలిసిన ఒక్క హేతువుగా చెప్పడంలోని ఆంతర్యం కూడ ఇట్టిదే.

ఈ శాస్త్రదృష్టితో కృష్ణాతీరంలోని ఒక ప్రాంతాన్ని పరిశీలించడం ఉచితం. సూర్యాపేట జిల్లాలోని పాలకీడు, మూసీనది కృష్ణలో కలిసే వాడపల్లికి చేరువలోని మండలకేంద్రం. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట అనే మూడు పట్టణాల నడుమ విస్తరించిన ఈ నేల సున్నపురాతి నేల. మాఘం వెళ్ళి ఫాల్గుణం ప్రవేశించగానే ఇక్కడి బీళ్ళలో, గుట్టల అంచులలో మోదుగు పూస్తుంది. చెట్టుమీద ఒక్క ఆకు కూడ నిలువని సమయంలో, ముదురు వన్నెగల మొగ్గలు చీల్చుకొని నిప్పురంగు పూలు కొమ్మ కొమ్మకూ వెలువడుతవి. చూచేవానికి చెట్టు ఒక్కమారుగా అంటుకొన్నట్లే ఉంటుంది. సంస్కృతకవులు కింశుకాన్ని చిలుకముక్కుతో పోల్చి ఆశ్చర్యపడినారు. సుభాషితకారులు వాసనలేని ఆ పూవును విద్యావిహీనునికి ఉపమానం చేసినారు. చెట్టు పక్షం వహించి మాట్లాడినవారు తక్కువ. వర్షర్తువులో ఆకులు సమకూర్చి కొమ్మలలోను వేళ్ళలోను దాచిన ఆహారమే ఎండిన ఋతువులో పూవుగా వ్యయమవుతున్నది. పూచే నాటికి ఆకులు లేవు గనుక వాటి శ్రమకు సాక్ష్యం లేదు. విస్తళ్ళు కుట్టుకొనే గ్రామీణునికి మాత్రం ఆ ఆకు విలువ తెలుసు. మోదుగును అతడు ఏడాది పొడుగునా చూచినాడు. ఫాల్గుణంలో మాత్రమే చూచినవానికి అది అద్భుతం.

ఈ నేలమీదనే మరొక ఆకస్మిక వికాసం కనిపిస్తుంది. జొన్న, ఆముదం, కంది వంటి మెట్టపంటలకు అలవాటుపడిన విశాల భూభాగం నాగార్జునసాగర్ ఎడమకాలువ నీటితో వరిమాగాణి అయినది. మిర్యాలగూడ బియ్యపు మరలకు ప్రసిద్ధి పొందినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిన దినాన్నే ఈ పచ్చదనానికి జన్మదినంగా లెక్కించడం పరిపాటి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. దానికి ముందు 1952లో ఖోస్లా సంఘం పరిశీలన ఉన్నది. దానికీ ముందు నందికొండ దగ్గర ఆనకట్ట కావలెనని ముక్త్యాల రాజావారి వంటివారు చేసిన దీర్ఘప్రయత్నం ఉన్నది. పిదప రాతిమీద రాయి పేర్చి ఆనకట్టను లేపిన వేలాది శ్రామికుల చెమట ఉన్నది. నీరు పారిన దినం కడపటి ధ్వని వంటిది. పూర్వధ్వనులు లేకుండ దానికి అర్థం లేదు.

ఈ వికాసానికి చెల్లించిన మూల్యం కూడ లెక్కకు రావలెను. జలాశయం నిండినపుడు ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ మునిగిపోయినది. ఒకచోట పూచిన పూవు మరొకచోట కొమ్మను వంచుతుంది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో సాగిన త్రవ్వకాలు ఆ మునకకు ముందు జరిగిన రక్షణకార్యం. అందులో బయల్పడిన శిల్పసంపద నేడు నాగార్జునకొండ ద్వీపంమీది ప్రదర్శనశాలలో ఉన్నది. ఆ లోయ ఆధునిక విద్వల్లోకానికి తెలిసిన విధం ఉపాధ్యాయవర్గానికి ప్రత్యేకంగా స్మరణీయం. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక పాఠశాలోపాధ్యాయుడు అక్కడి ఒక ప్రాచీన స్తంభాన్ని గుర్తించి ప్రభుత్వానికి తెలియజేసినాడు. ఆ పిదపనే శాసనశాఖలోని తెలుగు సహాయకుడు సరస్వతి ఆ స్థలాన్ని సందర్శించినారు. లాంగ్‌హర్స్ట్ త్రవ్వకాలు జరిపినారు. చరిత్రగ్రంథాలు దీనిని ఆకస్మికంగా బయల్పడిన బౌద్ధక్షేత్రమని వర్ణిస్తవి. స్తంభం మాత్రం ఆకస్మికంగా అక్కడికి రాలేదు. పశువుల కాపరులు, రైతులు దానిని తరతరాలుగా చూస్తూనే ఉండి ఉంటారు. చూచినదానికి అర్థమున్నదని తలచిన ఒక ఉపాధ్యాయుడు అవసరమైనాడు. అతని వద్ద త్రవ్వే పనిముట్టు లేదు, అధికారం లేదు. గమనించే అలవాటు మాత్రం ఉన్నది.

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి కథ కూడ ఇట్టిదే. నిజాం రాజ్య పురావస్తుశాఖ 1941–44 మధ్య అక్కడ త్రవ్వకాలు జరిపినది. పిదప దాదాపు ఆరు దశాబ్దాలు ఆ గుట్ట విద్వాంసుల చర్చలలో అరుదుగా మాత్రమే వినవచ్చినది. 2001 తరువాత త్రవ్వకాలు మళ్ళీ మొదలై, 2003లో చెక్కడాలతో నిండిన తోరణభాగాలు బయల్పడినవి. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో జరిగిన ప్రాచీన బౌద్ధకళా ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలు ప్రపంచానికి కనబడినవి. 2024లో ఒక కుండనిండ 3,730 సీసపు నాణేలు దొరికినవి. ఫణిగిరి నేడు హఠాత్తుగా ప్రసిద్ధమైనది. కాని వికసించినది ఫణిగిరి కాదు; ఫణిగిరిని గూర్చిన జ్ఞానం. శిల్పం పదిహేను శతాబ్దాలకు పైగా ఉన్నచోటనే, విచ్చుకొనే ఉన్నది. మొగ్గగా ఉండిపోయినది చూపు మాత్రమే.

ఇదే జిల్లాలోని పిల్లలమర్రి పేరులోనే ఈ విషయమంతా ఇమిడి ఉన్నది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు అక్కడ నిర్మించిన ఆలయాలు ప్రసిద్ధాలు. వాటిలో ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసానమ్మ ప్రతిష్ఠింపజేసినది. ఊడలు దించి, ఆ ఊడలనే కొత్త మొదళ్ళుగా నిలుపుకొనే మర్రికి పిల్లలమర్రి అని తెలుగుపేరు. కొత్తగా కనబడే ప్రతి మాను పాతకొమ్మనుండి దిగినదే. ఆ ఇంటిపేరు గల పినవీరభద్రుడు 15వ శతాబ్దిలో శృంగారశాకుంతలాన్ని, జైమినిభారతాన్ని రచించినాడు. సాళువ నరసింహరాయలకు ఇచ్చిన గడువు ముగియవచ్చినా కావ్యం మొదలు కాలేదనీ, కడపటి రాత్రి సరస్వతియే వచ్చి జైమినిభారతాన్ని వ్రాసిపెట్టినదనీ ఒక కథ పండితలోకంలో వాడుకలో ఉన్నది. ఆకస్మిక వికాసంమీద లోకానికి గల మక్కువకు ఇంతకంటె చక్కని నిదర్శనం దొరకదు. కథ ఒక విషయం చెప్పదు. ఆ కావ్యానికి సంస్కృత మూలమున్నది. తిక్కనాదులు సానబెట్టిన తెలుగు పద్యమున్నది. కవి వెనుక ఒక విద్యావంశమున్నది. సరస్వతి ఒక్క రాత్రిలో వచ్చినా ఆమె నడిచివచ్చిన దారి వేయడానికి ఎన్ని తరాలు పట్టినవో కథకునికి అక్కరలేదు. పరిశోధకునికి అదే అక్కర.

భావచరిత్రలో ఈ సత్యానికి ప్రబలమైన ఉదాహరణ 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణ వచ్చినపుడు గోలకొండ పత్రికా సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి వాదానికి దిగలేదు, లెక్కకు దిగినారు. పద్యాలు పంపవలసినదిగా కోరినారు. వచ్చినవానిని సేకరించి, పరిష్కరించి, ప్రకటించినారు. సంచికలో 354 మంది కవులు నిలిచినారు. లేరన్నవానికి ఇంతకంటె మర్యాదగల, ఇంతకంటె కఠినమైన సమాధానం మరొకటి ఉండదు. తెలంగాణ సాహిత్యవికాసం ఆ సంచికతో ఒక్కమారుగా బయటపడినదని వ్రాయడం నేటికీ అలవాటు. బయటపడినదనడం సరి, పుట్టినదనడం తప్పు.

ఆ సంచిక వెనుక మూడు దశాబ్దాలకు పైబడిన అవ్యక్త సన్నాహం ఉన్నది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడినవి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా వెలసిన సంవత్సరంలోనే నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ నిలయమన్న గ్రంథాలయం వెలసినది. దాని నిర్వహణకు పాటుపడిన షబ్నవీసు వెంకటరామనరసింహారావు 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించినారు. అదే సంవత్సరం ఇనుగుర్తి గ్రామంనుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించినారు. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘానికి అనుబంధంగా పనిచేసిన పరిశోధకమండలి కొమర్రాజు లక్ష్మణరావు పేరు ధరించి తాళపత్రాలను, శాసనాలను సేకరించినది. 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది. 1926లో గోలకొండ పత్రిక పుట్టినది. 1930లో జోగిపేటలో, 1931లో దేవరకొండలో ఆంధ్రమహాసభలు జరిగినవి. ఇవన్నీ ఆకుల పని. వీటికంటె లోతున, పేరుకెక్కని పని మరొకటి ఉన్నది. అధికారభాష కాని భాషలో, బిరుదులు ఆశించక, అచ్చవుతుందన్న నమ్మకంకూడ లేక, ఊరూర పద్యాలు వ్రాసి పెట్టెలలో దాచినవారి పని అది. వారు లేకున్న సురవరంవారి పిలుపునకు బదులు పలికేవారు ఉండరు.

సంచిక ప్రకటించిన పిదప ఒకటిన్నర దశాబ్దంలోపల నల్లగొండ పల్లెలలో పాట పోరాటరూపం దాల్చినది. 1946–51 సంవత్సరాలలో ఈ జిల్లా ఆ పోరాటానికి ప్రధానక్షేత్రం. ఆ పాటలు కూడ హఠాత్తుగా పుట్టినవనే చెపుతారు. సుద్దాల హనుమంతు వంటివారు వాడుకొన్న గొల్లసుద్దులు, పల్లెపదాల బాణీలు ఎంత పాతవో చూచినచో విషయం బోధపడుతుంది. కొత్త భావం పాత కుండలోనే పొంగినది. ఆ కుండను అంతవరకు పగులకుండ కాపాడినవారు పద్యం వ్రాయనివారు, చదువురానివారు.

ఇక క్షీణయుగమన్న పేరును పరీక్షించవలసి ఉన్నది. సామాన్యంగా 1775 నుండి 1875 వరకుగల శతాబ్దికి ఈ పేరు పెట్టినారు. త్యాగరాజు 1767లో జన్మించి 1847లో సిద్ధిపొందినాడు. ఆయన తెలుగు కృతులన్నీ ప్రధానంగా ఈ క్షీణయుగంలోనివే. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణం 1858లోను వెలువడినవి. క్షీణయుగమన్న పేరు నేర్చుకొనే విద్యార్థి అదే తరగతిలో ఆ యుగంలో పుట్టిన వ్యాకరణంతోనే తెలుగు నేర్చుకొంటున్నాడు. 1817లో మద్రాసుకు వచ్చిన బ్రౌన్ పండితులను కూర్చుకొని తాళపత్రాలకు ప్రతులు వ్రాయించి, పాఠాలు సవరింపజేసి, 1852లో నిఘంటువును వెలువరించినది ఈ శతాబ్దిలోనే. ఇంత జరిగిన కాలాన్ని క్షీణమని ఎట్లు అనగలిగినారు? ప్రబంధం ఒక్కటే పూవని నిర్ణయించుకొన్నందువలన. కృతి, వ్యాకరణం, నిఘంటువు, ప్రతిలేఖనం వారి లెక్కలో ఆకులు. క్షీణించినది సాహిత్యంలోని ఒక ప్రక్రియ. ఆ పేరు మొత్తం శతాబ్దికి అంటుకొన్నది.

ఐరోపాఖండంలోకూడ ఇట్టి చర్చ జరిగినది. 1860లో బుర్క్‌హార్ట్ ఇటలీ పునర్వికాసాన్ని మధ్యయుగాలతో తెగతెంపులు చేసుకొన్న కొత్త మేల్కొలుపుగా చిత్రించినాడు. 1927లో హాస్కిన్స్ అన్న చరిత్రకారుడు పన్నెండవ శతాబ్దిలోనే ఒక పునర్వికాసం ఉన్నదని గ్రంథం వ్రాసి, చీకటియుగమన్న మాటను ప్రశ్నించినాడు. తరువాతి చరిత్రకారులకు చీకటియుగమనే మాట వాడడానికి సంకోచం కలిగినది. తెలుగు సాహిత్యచరిత్రలో అట్టి సంకోచం ఇంకా పాఠ్యప్రణాళికలను చేరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. అన్నింటికీ పూర్వసన్నాహమున్నచో ప్రతిభకు తావేది? కొత్తదనమన్నదే లేదా? ఇది ఉపేక్షింపదగిన ఆక్షేపణ కాదు. సన్నాహవాదాన్ని హద్దుమీరి నడిపినచో అది మరొక అనర్థానికి దారి తీస్తుంది. ఒక కవిమీద ఎవరెవరి ప్రభావాలున్నవో పట్టికలు వేసి, ఆ పట్టికయే కవి అని ముగించే పరిశోధనప్రబంధాలు విశ్వవిద్యాలయాలలో తక్కువగా లేవు. ధ్వనుల మొత్తం స్ఫోటం కాదని భర్తృహరి సంప్రదాయం పదేపదే చెప్పినది. ధ్వనులు దానిని అభివ్యక్తం చేస్తవి గాని నిర్మించవు. ప్రతిభ ఎప్పటికప్పుడు కొత్తగా కన్నువిప్పే ప్రజ్ఞ అన్న భట్టతౌతుని అభిప్రాయాన్ని అభినవగుప్తాదులు ఆదరించినారు. నాటిన విత్తులన్నీ మొలవవు, మొలిచినవన్నీ పూయవు. ఒకే గ్రంథాలయంలో చదివిన వందమందిలో ఒక్కడే కవి కావచ్చును. ఆ ఒక్కడు ఎవడో ముందుగా చెప్పే శాస్త్రం లేదు. కనుక పూవును ఆజ్ఞాపించడం ఎవరికీ సాధ్యం కాదు. వేరును కాపాడడం మాత్రం అందరికీ సాధ్యం. మొదటిది దైవాధీనమన్నా, ప్రతిభాధీనమన్నా అభ్యంతరం లేదు. రెండవది మనుష్యాధీనం. దానిలో అలసత్వం చూపినవారికి మొదటిదానిని గూర్చి చింతించే అధికారం లేదు.

మానవల్లి రామకృష్ణకవి జీవితం దీనికి తార్కాణం. 1909లో ఆయన నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించినపుడు తెలుగు సాహిత్యచరిత్రలో ఒక మహాకవి హఠాత్తుగా ఉదయించినాడు. కవికాలాన్ని గూర్చిన వాదాలు నేటికీ సమసిపోలేదు. ఆ ఉదయానికి పూర్వం ఆ కవి తంజావూరు సరస్వతీమహలులో తాళపత్రరూపంలో పడి ఉన్నాడు. ఎవడో ఒక అజ్ఞాత లేఖకుడు ఆ ప్రతి వ్రాసినాడు. ఎవరో దానిని పారవేయక భద్రపరచినారు. ఒక పండితుడు దానిని విప్పి చదివినాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా నన్నెచోడుడు నేటికీ లేనట్లే. నాట్యశాస్త్రానికి అభినవభారతీ వ్యాఖ్యను 1926 నుండి బరోడాలో పరిష్కరించి ప్రకటించినదీ ఆయనే. పరిశోధకుడు పూలు పూయించలేడు. పూచిన పూవు రాలకముందే దానిని చూడగలడు. మొగ్గ మాడకుండ నీరు పోయగలడు.

ఈ విచారమంతా ప్రాచ్యకళాశాలలకు సన్నిహితంగా సంబంధించినది. ఉపాధిని ఇచ్చే చదువులవైపు విద్యార్థులు తరలిపోతున్న కాలంలో ఈ కళాశాలల ప్రయోజనమేమని ప్రశ్నించేవారు పెరిగినారు. సంస్కృతాంధ్రాలకు మళ్ళీ ఒక మంచికాలం రానున్నదని ఎదురుచూచేవారున్నారు. ఇక రాదని నిరాశ చెందినవారున్నారు. ఇరువురిదీ ఒకే పొరపాటు. ఇరువురూ ఫాల్గుణమాసాన్ని గూర్చియే మాట్లాడుతున్నారు. ప్రాచ్యకళాశాల పూవు కాదు, ఆకు. వసంతం వచ్చినపుడు దాని పేరు ఎవరూ తలచకపోవచ్చును. అది లేకున్న తలచడానికి వసంతమే ఉండదు.

చేయవలసిన పనులు అసాధ్యాలు కావు. క్షీణయుగమన్న శీర్షికను పాఠ్యప్రణాళికలనుండి తొలగించి ఆ శతాబ్దికి తగిన పేరును, తగిన పాఠ్యభాగాలను ఏర్పరచడం మొదటిది. ప్రతి కళాశాల తన చుట్టూ ఉన్న ఒక్క మండలాన్ని స్వీకరించి, అందులోని శాసనాలు, ఇండ్లలోని వ్రాతప్రతులు, దేవాలయాల స్థలపురాణాలు, వృత్తిపాటలు, అచ్చుకాని శతకాలు ఏవి ఉన్నవో పట్టిక వేయడం రెండవది. సురవరంవారు రాజ్యమంతటికీ చేయగలిగిన లెక్కను ఒక కళాశాల ఒక మండలానికి చేయలేకపోదు. పాలకీడు వంటి మండలాన్నే తీసుకొన్నచో 2016లో మండలమైన ఈ ప్రాంతాన్ని గూర్చి ప్రత్యేక సాహిత్యచరిత్ర అడిగేవారే లేరు. ఏముంటుందని చప్పరించేవారు ఉండవచ్చును. జాన్‌పహాడ్ దర్గాకు హిందువులు, ముస్లిములు కలిసి వచ్చే ఉర్సు ఉన్నది. అక్కడ మ్రొక్కులతోపాటు మాటా పాటా ఉండక మానవు. తండాలలో లంబాడీల గేయాలున్నవి. కాలువ నీటితోపాటు పెరిగిన నాట్ల పాటలున్నవి. బతుకమ్మ పాటలున్నవి. వీటిని ఎవరు ఎక్కడ పాడినారో, ఏ పాఠభేదాలున్నవో వ్రాసిపెట్టడం ఎమ్.ఏ. విద్యార్థి స్థాయికి మించిన పని కాదు. ఇట్టి సేకరణకు పరిశోధనవ్యాసంతో సమానమైన గౌరవమివ్వడం మూడవది. సూత్రం వల్లించగలిగిన విద్యార్థికి తన ఊరిగుడి శాసనంలోని లిపి తెలియకపోవడం చదువులోని లోపమే గాని విద్యార్థిలోని లోపం కాదు.

బతుకమ్మలో పేర్చే గునుగుపూవును గూర్చి ఒక్క మాట చెప్పి విరమించడం యుక్తం. చేలో మొలిచిన గునుగు రైతుకు కలుపుమొక్క. దానిని పెరికి గట్టుమీద పారవేస్తాడు. భాద్రపద అమావాస్య వచ్చేసరికి అదే గునుగు తంగేడుతో కలిసి పళ్ళెంలో గోపురమై, దేవతయై, ఊరి నడుమ నిలుస్తుంది. ఎంత పెరికినా నేలలో విత్తనం మిగిలినందువలననే ఏటేటా ఆ దేవతకు రూపం వస్తున్నది. ఏది కలుపో, ఏది పూవో ముందుగా నిర్ణయించే తొందర పండితులకు తగదు. వారి చేతిలో ఉన్నది కొడవలి కాదు, గంటం. విత్తనమేదో తెలియని కాలంలో దొరికిన ప్రతి గింజనూ వ్రాసి దాచడమే గంటానికి ధర్మం.